పెద్ద వయసు ఫాదర్ గారు ఊరికి పూజకు వస్తే: ఉపదేశికి పనికొచ్చే వివరాలు

పట్టణంలోని విచారణ గుడి, అంటే ఫాదర్ గారు ఉండే కతోలిక గుడి సంగతి వేరు. అక్కడ సిస్టర్లు ఉంటారు, పూజలో సాయం చేసే పీఠ బాలకులు ఉంటారు, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంటుంది. కోయిలకుంట్ల పక్కనో, పత్తికొండ పక్కనో, మైదుకూరు పక్కనో ఉన్న చిన్న ఊరికి నెలకొకసారి ఫాదర్ గారు పూజకు వస్తే అన్నింటికీ ఊరి సంఘాన్ని చూసుకునే ఉపదేశే దిక్కు. వచ్చే ఫాదర్ గారికి డెబ్బై దాటి ఉంటే ఉపదేశి పని ఇంకొంచెం పెరుగుతుంది.

మొదట ఒక లెక్క మనసులో పెట్టుకోండి. ఊళ్లో ఆయన తప్ప ఇంకెవరూ చేయలేని పనులు మూడే: దివ్యబలిపూజ అర్పించడం, పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) వినడం, రోగులకు తైలం పూసే అవస్థాభ్యంగనం ఇవ్వడం. ఆయన ఓపికంతా ఈ మూడింటికి మిగలాలి. మైకు సరిచేయడం, పూజ ఉద్దేశాలు (ఎవరి కోసం పూజ చేయమన్నారో) రాసుకోవడం, పెళ్లి కాగితాలు వెతకడం, కుర్చీలు వేయించడం లాంటివన్నీ ఆయన జీపు దిగేలోపే ముగించాలి.

"ఈ వయసులో ఎందుకు సామీ తిరగడం, రిటైరైపోవచ్చు గదా" అని కొందరు మొహం మీదే అనేస్తుంటారు. 75 నిండిన విచారణ గురువు రాజీనామా సమర్పించాలని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం కోరుతుంది. దాన్ని ఒప్పుకోవాలా, ఇంకొన్నాళ్లు ఆపాలా అన్నది బిషప్ గారి నిర్ణయం. గురువులు చాలని చోట ఆపడమే జరుగుతుంది. కాబట్టి ఆ మాట ఫాదర్ గారితో అని లాభం లేదు.

టైము ఎలా పెట్టాలి

ఆయన రోజు తెల్లవారుజామునే మొదలవుతుంది. గురువులు రోజూ చదివే దైవార్చన పుస్తకం ప్రార్థన, ఆరున్నరకు విచారణ గుడిలో పూజ, ఆ తర్వాత సర్టిఫికెట్ల కోసం వచ్చేవాళ్లు, స్కూలు పనులు, ఎవరో ఒకరి తగాదా. మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చకపోతే సాయంత్రానికి మనిషి నిలబడలేరు. మీ ఊరి పూజ ఆయనకు ఆ రోజు రెండోది కావచ్చు. మామూలుగా గురువు రోజుకొక పూజే చేయాలి. తగిన కారణం ఉంటే బిషప్ గారి అనుమతితో రెండు, ఆదివారాలూ పెద్ద పండుగల్లో అవసరాన్ని బట్టి మూడు చేయవచ్చు. అందుకే "ఎట్లాగూ వచ్చినారు కదా, మా కొత్త మిద్దెలో కూడా ఒక పూజ చేసి పోండి సామీ" అని అప్పటికప్పుడు అడగకూడదు. ఇంటికి పవిత్రజలం చల్లి ఆశీర్వాద ప్రార్థన చేస్తే చాలు. దానికి పది నిమిషాలు పడుతుంది.

చెనిక్కాయ కోతల్లో, పత్తి ఏరేటప్పుడు జనం ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది. స్నానాలు చేసి గుడికి చేరేసరికి ఏడున్నర. మీరు ఏడుకే పూజ అని చెబితే ఫాదర్ గారు ఆరున్నరకే వచ్చి అరుగు మీద కూర్చుంటారు, ఆ గంట వృథా. నిజంగా మొదలయ్యే టైమే చెప్పండి. పాపసంకీర్తనానికి మాత్రం ముందు ముప్పావుగంట కలపండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు వేసుకున్నా ఇరవై మందికి గంట అవుతుంది. క్రిస్మస్‌కు ముందు, పాస్కాకు (ఈస్టర్‌కు) ముందు అందరినీ ఒకే సాయంత్రం లాగకుండా సగం మందిని ముందు నెల పూజకే పిలిస్తే ఆయనకు భారం తగ్గుతుంది.

వానకాలంలో నల్లరేగడి దారిలో బండి దిగబడుతుందా లేదా మీకే తెలుస్తుంది. అనుమానంగా ఉంటే మధ్యాహ్నమే ఫోను చేయండి. ఆయన్ని మోటర్‌సైకిల్ వెనక ఎక్కించవద్దు.

మెట్లు, కుర్చీ, అంగీ

పడిపోవడం ఎక్కువగా జరిగేది పూజ చేసే పీఠం మెట్ల దగ్గరే. మన గుళ్లలో నేల ఎక్కువగా కడప బండలే. నున్నగా ఉంటాయి, పూజకు ముందు కడిగితే ఇంకా జారుతాయి. కడగడం పొద్దునే ముగించండి. మెట్ల అంచుకు తెల్ల రంగు గానీ పసుపు రంగు గానీ రెండంగుళాల పట్టీ వేయండి. రాత్రి బల్బు వెలుతురులో నల్ల బండ మెట్టు ఎక్కడ తెగిందో పెద్దవాళ్ల కళ్లకు కనబడదు. పక్కన పట్టుకోవడానికి ఇనుప పైపు పాతిస్తే మరీ మంచిది.

కుర్చీకి చేతులు ఉండాలి, సీటు పద్దెనిమిది అంగుళాల ఎత్తుకు తగ్గకూడదు. ప్లాస్టిక్ కుర్చీ లేచేటప్పుడు వెనక్కి జారుతుంది కాబట్టి చెక్క కుర్చీ వేయండి. పెళ్లిళ్లకు తెచ్చే సింహాసనం లాంటి సోఫా వద్దు, దాంట్లోంచి లేవడం కుర్రవాళ్లకే కష్టం.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. వయసుతో నడుం వంగితే తెల్లని పూజ అంగీ ముందువైపు కిందికి జారి కాలికింద పడుతుంది. మెట్టెక్కేటప్పుడు దాన్నే తొక్కి పడతారు. నడికట్టు కట్టేటప్పుడు అంగీని ముందువైపు పైకి లాగి, అంచు నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉండేలా నడికట్టు మీదికి మడత వదలాలి. ఈ పని పీఠ బాలకుడికి అప్పగించకుండా మీరే చేయండి. వెనక నుంచి కాకుండా ముందు మోకాళ్ల మీద కూర్చుని చూస్తేనే అంచు ఎక్కడుందో తెలుస్తుంది.

నిలబడలేకపోతే కూర్చుని పూజ చేయవచ్చా అంటే, వృద్ధులకూ జబ్బుపడినవాళ్లకూ చట్టం అవకాశం ఇచ్చింది. ప్రజల ముందు అలా చేయాలంటే మాత్రం బిషప్ గారి అనుమతి ఉండాలి. "ఏం కాదు సామీ, కూర్చోండి" అని సంఘపెద్దలు బలవంతం చేస్తే ఆయన ఇరకాటంలో పడతారు. సత్ప్రసాదం (పూజలో అర్పించిన అప్పం) పంచేటప్పుడు ఆయన కూర్చుంటే, అనుమతి ఉన్న సిస్టరో వేరొకరో పంచవచ్చు. ఆ మాట ముందే అడిగి పెట్టుకోండి.

పీఠం మీద

తెల్లని గుడ్డ, సిలువ, కనీసం రెండు కొవ్వొత్తులు. పూలు పీఠం మీద కాకుండా కింద, పక్కల పెట్టండి. ఫ్యాను గాలి సూటిగా పీఠం మీదికి కొడితే కొవ్వొత్తులు ఆరిపోతాయి, అప్పాలు ఎగురుతాయి. గాలి ఫాదర్ గారి నడుముకు తగిలేలా పక్కనుంచి తిప్పండి.

పూజా గ్రంథం ఎడమవైపు స్టాండు మీద, వెలుతురు ఎడమ భుజం మీదుగా పడాలి. కళ్లకు ఎదురుగా ఎల్‌ఈడీ బల్బు ఉంటే శుక్లాలు ఉన్నవాళ్లకు అక్షరాలు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఆ రోజు కావలసిన పేజీలకు రిబ్బన్లు పెట్టి సిద్ధంగా ఉంచండి.

బైబిలు పఠనాలు తప్పు సంవత్సరం నుంచి చదవడం మన ఊళ్లలో మామూలే. ఆదివారం పఠనాలు ఎ, బి, సి అని మూడేళ్లకొకసారి తిరుగుతాయి. సంవత్సరం అంకె మూడుతో శేషం లేకుండా భాగింపబడితే సి సంవత్సరం. 2025 సి, 2026 ఎ, 2027 బి. ఈ లెక్కన కొత్త ఏడు మారేది క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారం నాడు, జనవరి 1న కాదు. అందుకే డిసెంబరులో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పండుగ కాలాలు కాని సామాన్య కాలంలో, ఆదివారం కాని రోజుల మొదటి పఠనానికి బేసి ఏడు ఒకటో వరుస, సరి ఏడు రెండో వరుస. చదివేవాళ్లు ముందురోజు ఒకసారి పైకి చదువుకుని రావాలి.

అప్పాలు గోధుమపిండి, నీళ్లతోనే చేసినవి, కొత్తవి కావాలి. వానకాలంలో మెత్తబడతాయి, బిగుతు మూత టిన్నులో పెట్టండి. ఎంతమంది సత్ప్రసాదం తీసుకుంటారో లెక్కపెట్టి అంతకు ఐదారు ఎక్కువ పెట్టండి. మిగిలినవి తిరిగి విచారణ గుడిలో సత్ప్రసాదం దాచే మందసానికి చేరాలి, ఊరి గుడిలో దాచడానికి లేదు. ద్రాక్షారసం ఫాదర్ గారే తెస్తారు. ఒకవేళ సీసా మీ దగ్గరే ఉంటే, మన ఎండకు తెరిచిన సీసా నెలలో పులిసి వెనిగర్ అవుతుంది. అది పూజకు చెల్లదు. షాపు వైను కొనకండి, విచారణ నుంచే చిన్న సీసాలో తెప్పించుకోండి.

పూజ ఉద్దేశాలు పేర్లతో సహా పెద్ద అక్షరాలతో ఒకే కాగితం మీద రాసి ముందే ఇవ్వండి. పీఠం ఎక్కబోతున్న మనిషి చెవిలో "మా నాయన పేరు కూడా సామీ" అంటూ డబ్బులు అంగీ జేబులో పెట్టడం ఊళ్లో మానిపించాలి.

పాపసంకీర్తనం దగ్గర

పెద్దవాళ్లకు ఒక చెవి బాగా, ఒక చెవి తక్కువగా వినబడుతుంటుంది. ఏ చెవో అడిగి, చెప్పుకునేవాళ్లు ఆ పక్కన మోకరించేలా కుర్చీ తిప్పండి. అది తెలియకపోతే ఆయన "గట్టిగా చెప్పు" అంటారు, వాళ్లు గట్టిగా చెబుతారు, గుడంతా వింటుంది. వరుస కనీసం పది అడుగుల దూరంలో నిలబడాలి. ఆ సమయంలో పాటల ప్రాక్టీసు, మైకు టెస్టింగు ఆపేయండి. నోరు విప్పి అడగలేని ముసలమ్మ ఉంటే ముందు పంపండి.

రోగుల ఇళ్లు

పూజకు ముందే వెళ్లాలి, తర్వాత కాదు. నాలుగిళ్లకు మించి పెట్టవద్దు. మెట్లు లేని ఇళ్లు, దగ్గరి ఇళ్లు వరుసగా వచ్చేలా చీటీ రాసుకోండి. మిద్దె మీద ఉన్న రోగిని ఆ సాయంత్రం కింది గదికి దించగలరేమో ఇంటివాళ్లను అడగండి.

ఇంట్లో మంచం పక్కన చిన్న బల్ల, దానిమీద తెల్ల గుడ్డ, సిలువ, కొవ్వొత్తి, గ్లాసులో నీళ్లు, చెంచా, కొంచెం దూది పెట్టించండి. టీవీ ఆపించండి. తైలం నుదుటికీ చేతులకూ పూస్తారు, కాబట్టి చేతులు కడిగి, అరచేతుల్లో కట్లు ఏమైనా ఉంటే చెప్పండి. రోగి మింగలేకపోతున్నా, వాంతులు అవుతున్నా ముందే చెప్పాలి. సత్ప్రసాదం చిన్న ముక్క ఇచ్చి చెంచాతో నీళ్లు పోస్తారు, అసలు మింగలేకపోతే తైలంతోనే సరిపెడతారు.

పిలవడంలో ఆలస్యం చేయడమే అన్నింటికన్నా పెద్ద తప్పు. అవస్థాభ్యంగనం అంటే చావుకు గుర్తు అని భయపడి ఊపిరి ఆగాక కబురు పెడతారు. పెద్ద ఆపరేషనుకు ముందు, జబ్బు ముదిరినప్పుడు, ముసలితనంతో మనిషి బాగా తగ్గిపోయినప్పుడు ఇవ్వవచ్చు. జబ్బు మళ్లీ తిరగబెడితే మళ్లీ ఇవ్వవచ్చు. చనిపోయినవాళ్లకు ఇవ్వరు, వాళ్లకోసం ప్రార్థన చేస్తారు. ప్రాణం ఉందో లేదో అనుమానంగా ఉంటే ఇస్తారు. ఈ సంస్కారం గురువే ఇవ్వాలి, ఉపదేశి ఇవ్వడానికి వీల్లేదు. ప్రాణాపాయంలో ఉన్న పసిబిడ్డకు మాత్రం ఫాదర్ గారు అందకపోతే ఎవరైనా జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వవచ్చు. తల మీద నీళ్లు పోస్తూ, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను" అనాలి. తర్వాత విచారణలో చెప్పి రాయించాలి.

తైలాల సంచిలో మూడు సీసాలు ఉంటాయి: రోగుల తైలం, జ్ఞానస్నానార్థుల తైలం, పరిమళ తైలం. పవిత్ర వారంలో బిషప్ గారి దగ్గర నుంచి కొత్తవి వస్తాయి. పేర్ల చీటీలు చెరిగిపోయి ఉంటే తిరిగి అతికించండి. లోపల దూది ఉంటే జీపు కుదుపులకు తైలం ఒలకదు.

తిండి, మందులు

సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్నది నియమం. మంచినీళ్లు, మందులు దానికి అడ్డు కావు, వృద్ధులకూ రోగులకూ ఆ గంట నియమమే లేదు. షుగరు ఉన్న ఫాదర్ గారికి ఆరున్నరకు రెండు ఇడ్లీలో, ఒక చిన్న ప్లేటు ఉగ్గానో పెట్టండి. రాత్రి భోజనం తొమ్మిదికి అవుతుందని ఖాళీ కడుపుతో పీఠం ఎక్కిస్తే, ప్రసంగం మధ్యలో చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. అలా జరిగితే వెంటనే కూర్చోబెట్టి మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మీటరుతో చూడండి, 70 కంటే తక్కువ ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. ఇన్సులిన్ పెన్ను ఎండలో జీపులో వదలకూడదు, తడిగుడ్డ చుట్టిన కుండ పక్కన నీడలో ఉంచండి.

పూజ తర్వాత విందు పెట్టాలని ఊరికి ముచ్చట ఉంటుంది. నాటుకోడి, సంగటి, నెయ్యి వడ్డించి "ఇంకొంచెం సామీ" అని కూర్చోబెట్టవద్దు. ఒక రాగి సంగటి ముద్ద, పప్పు, మజ్జిగ చాలు, కారం తగ్గించండి. డ్రైవరుకు కూడా పెట్టండి, ఆయన తినకపోతే దారిలో తిండికి ఆగి ఇద్దరూ రాత్రి పదకొండుకు ఇల్లు చేరతారు.

ఇంకొకటి చెప్పడానికి మొహమాటం. గుడి పక్కన శుభ్రంగా, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసి పెట్టండి. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు కింద కూర్చోలేరు. నేల దొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ మందుల షాపుల్లో దొరుకుతుంది. సంఘం డబ్బుతో ఒకటి కొనిపెట్టండి.

కాగితాలు

పెళ్లి కుదిరిందంటే ఇద్దరి జ్ఞానస్నాన సర్టిఫికెట్లు కావాలి, ఆరు నెలల లోపు తీసినవి అడుగుతారు. పిల్లకో పిల్లాడికో జ్ఞానస్నానం వేరే విచారణలో జరిగి ఉంటే అక్కడి నుంచే తేవాలి. అనంతపురం జిల్లా వాళ్లకు వేరే మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) లేదు, 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనంలోనే ఉన్నారు. కడప మేత్రాసనం 1976లో విడిగా ఏర్పడింది. అంతకు ముందు ఈ ప్రాంతమంతా నెల్లూరు మేత్రాసనం కిందే, అందుకని మీ తాతల కాగితాల మీద ఆ పేరు ఉంటుంది. పేరులో స్పెల్లింగు ఆధార్‌తో సరిపోయిందో లేదో మీరే చూసి ఫాదర్ గారికి ఇవ్వండి. రాత్రి పూజ అయ్యాక బల్బు కింద రిజిస్టరు తిరగేయించవద్దు, వివరాలు చీటీ మీద రాసి ఆయన సంచిలో పెడితే మర్నాడు ఆఫీసులో చూసుకుంటారు.

పూజ ముగిశాక పీఠం మీద పరిచిన కార్పొరల్ అనే చదరపు గుడ్డను అంచులు లోపలికి మడవాలి, దులపకూడదు. పాత్ర తుడిచిన గుడ్డలను మొదట మంచినీళ్లలో ఒకసారి జాడించి, ఆ నీళ్లు కాలువలో కాకుండా చెట్టు మొదట్లో, ఎవరూ తొక్కని చోట పోయాలి. సబ్బు పెట్టి ఉతకడం ఆ తర్వాతే.