8 ట్యాబులు, 32 మంది పిల్లలు: ప్రాథమిక బడిలో రోజూ ఎలా వాడాలి

ప్రాథమిక బడికి ట్యాబులు రాగానే ఎక్కువగా జరిగేది వీడియోలు చూపించడం. పిల్లలు కదలకుండా కూర్చుంటారు కాబట్టి పాఠం బాగా సాగుతున్నట్టే అనిపిస్తుంది. కానీ 1 నుంచి 5 తరగతుల పిల్లలకు ట్యాబులో అన్నిటికంటే పనికొచ్చేవి వాయిస్ రికార్డర్, కెమెరా. వీటికి నెట్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. బిడ్డ తను చదివింది తనే వింటుంది, తను చేసిన లెక్కను మళ్లీ తనే చూసుకుంటుంది. పలక, నోటుబుక్కు ఎంత మంచివైనా ఈ పని చేయలేవు.

ఇక్కడ చెప్పేదంతా 32 మంది పిల్లలు, 8 ట్యాబులు, ఇద్దరు టీచర్లు ఉన్న బడిని దృష్టిలో పెట్టుకుని. మీ దగ్గర సంఖ్యలు వేరైనా ఇద్దరికి ఒక ట్యాబు అన్న లెక్క మాత్రం వదలకండి. ముగ్గురిని కూర్చోబెడితే మూడో బిడ్డ ఊరికే చూస్తుంటుంది. ఒక్కరికే ఇస్తే ఒకరికొకరు చెప్పుకోవడం ఆగిపోతుంది.

పిల్లల చేతికి ఇచ్చేముందు

ప్రతి ట్యాబు వెనక పర్మనెంట్ మార్కర్‌తో నంబరు వేయండి. ఏ నంబరు ఏ జతకో గోడ మీద రాసి పెట్టండి. రికార్డింగులు ఆ ట్యాబులోనే ఉంటాయి కాబట్టి జతకు రోజూ అదే నంబరు దక్కాలి. మైకు రంధ్రం ఎక్కడుందో వెతికి, దాని పక్కన చిన్న రంగు చుక్క పెట్టండి. చాలా ట్యాబుల్లో అది అంచునే ఉంటుంది. పిల్లలు రెండు చేతులతో పట్టుకున్నప్పుడు వేలు సరిగ్గా దాని మీద పడి గొంతు మూసుకుపోయినట్టు రికార్డవుతుంది. రికార్డింగు పాడయ్యే కారణాల్లో దీన్నే ముందు చూడాలి.

తర్వాత సెట్టింగులు. స్క్రీన్ ఆరిపోయే సమయం 10 నిమిషాలకు పెంచండి. 30 సెకన్లలో ఆరిపోయే ట్యాబుతో ఏ బిడ్డా పేరా పూర్తి చేయలేదు. నోటిఫికేషన్లు, ఆటోమేటిక్ అప్‌డేట్లు, వైఫై ఆపేయండి. మొదటి పేజీలో నాలుగే గుర్తులు ఉంచండి: రికార్డర్, కెమెరా, ఫొటోలు, దీక్ష (ప్రభుత్వ పాఠాల యాప్). 8 ట్యాబుల్లోనూ అవి ఒకే వరుసలో ఉంటే మొదటి తరగతి బిడ్డకూ ప్రతిసారీ చూపించాల్సిన పని ఉండదు. ఒక యాప్‌లోంచి ఇంకో యాప్‌లోకి పోకుండా సెక్యూరిటీ సెట్టింగుల్లోని యాప్ పిన్నింగ్ ఆన్ చేయండి. పిన్ తీయడానికి నంబరు అడిగేలా పెట్టండి, ఆ నంబరు టీచర్లకే తెలియాలి.

ఖాతాలు బడి పేరుతోనే తెరవండి, పిల్లల పేర్లతో వద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పిల్లల గొంతులు, ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

45 నిమిషాల పీరియడ్

పంచడానికి 5 నిమిషాలు. మొదటి 16 మందికి 16 నిమిషాలు, మార్చుకోవడానికి 2, మిగతా 16 మందికి మరో 16, తిరిగి సర్దడానికి 5. ట్యాబు చేతిలో లేని సగం మంది టీచరు దగ్గర పాఠం వింటారు. ఇద్దరు టీచర్లే ఐదు తరగతులు చూసే బడిలో ఇది పెద్ద ఊరట: 4, 5 తరగతులు ట్యాబుల మీద ఉన్నంతసేపు 1, 2 తరగతుల పిల్లల పక్కన కూర్చుని చదివించవచ్చు. ఈ పీరియడ్ మధ్యాహ్న భోజనానికి ముందే పెట్టుకోండి. నూనె చేతులు తగిలితే కెమెరా అద్దం మసకబారి ఫొటోలన్నీ పొగమంచులా వస్తాయి.

పిల్లలు నేల మీద పట్టాపైనే కూర్చోవాలి, ట్యాబు ఒళ్లో ఉండాలి. ట్యాబు పట్టుకుని నడిచేది పంచేవాళ్లూ సర్దేవాళ్లూ మాత్రమే. ఈ ఒక్క నియమంతో పగిలే అద్దాలు చాలా తగ్గుతాయి.

చదవడం రికార్డు చేయడం

తెలుగు వాచకంలోంచి 6 నుంచి 8 వాక్యాలు ఎంచుకోండి. బిడ్డ ముందు ఒకసారి మనసులో చదువుకోవాలి. తర్వాత రికార్డర్ నొక్కి పైకి చదవాలి. జతలో రెండో బిడ్డ అప్పుడు ట్యాబు పట్టుకుంటుంది, మాట కలపకూడదు. పూర్తయ్యాక చదివిన బిడ్డ పుస్తకం ముందు పెట్టుకుని, వాక్యాల కింద వేలు కదుపుతూ తన రికార్డింగు వింటుంది. ఆగిన చోట, తప్పిన చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెడుతుంది. ఆ మాటలను జత బిడ్డతో కలిసి రెండుసార్లు పలికి, మళ్లీ మొత్తం రికార్డు చేస్తుంది. మొదటి రికార్డింగు చెరపకండి. రెండూ పక్కపక్కన విన్నప్పుడే తేడా బిడ్డకు తెలుస్తుంది.

చదివేటప్పుడు వినిపించని తప్పులు ఇక్కడ బయటపడతాయి: ఒత్తు వదిలేయడం, దీర్ఘం కుదించడం, మాట మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేయడం. మూడోది చాలా ముఖ్యం. గడగడా చదివే పిల్లలే ఎక్కువగా ఇలా చేస్తారు, తరగతిలో వాళ్లు బాగా చదువుతున్నారనే అనుకుంటాం. చుక్కలు పెట్టించేటప్పుడు ఇంటి యాసను తప్పు కింద లెక్కపెట్టకండి. అచ్చులో ఉన్న మాటను అచ్చులో ఉన్నట్టు చదివిందా లేదా అన్నదే ఇక్కడ చూడాలి. సొంతంగా కథ చెప్పి రికార్డు చేసేటప్పుడు మాత్రం యాస పూర్తిగా బిడ్డ ఇష్టం.

ఇబ్బంది ఎక్కడంటే, ఎనిమిది మంది ఒకే గదిలో పైకి చదివితే ఎవరి గొంతూ విడిగా రాదు. నాలుగు జతలను వరండాలోకి, చెట్టు కిందికి పంపండి. జతకూ జతకూ కనీసం నాలుగడుగులు దూరం, ముఖాలు ఎదురెదురుగా ఉండకూడదు. ట్యాబు నోటికి ఒక జానెడు దూరంలో ఉంటే చాలు. ఇయర్‌ఫోన్లు కొనాలనిపిస్తుంది కానీ తీగలు త్వరగా తెగుతాయి, ఒకరి చెవిలోవి ఇంకొకరు పెట్టుకోవడమూ మంచిది కాదు.

రోజూ నాలుగైదు రికార్డింగులు వినండి. వారంలో అందరివీ దాదాపు పూర్తవుతాయి. ఎవరు ఏ తప్పు దగ్గర ఆగుతున్నారో ఒక నోటుబుక్కులో రాయండి.

లెక్కను ఫొటోల్లో చెప్పించడం

52 లోంచి 27 తీసివేయాలి. పిల్లలకు చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు ఇవ్వండి. 5 కట్టలు, 2 విడి పుల్లలు పేర్చి మొదటి ఫొటో. 2 లోంచి 7 పోదు కాబట్టి ఒక కట్ట విప్పితే 4 కట్టలు, 12 పుల్లలు: రెండో ఫొటో. 7 పుల్లలు తీశాక మూడోది, 2 కట్టలు తీశాక నాలుగోది. మిగిలింది 25. తర్వాత ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ ఏం చేశారో జత బిడ్డకు చెప్పాలి. ‘అప్పు తెచ్చుకున్నాను’ అని మాత్రమే చెప్పే బిడ్డకు పద్ధతి వచ్చింది, అర్థం ఇంకా రాలేదు. ‘కట్ట విప్పాను’ అని చెప్పేదాకా పుల్లలతోనే చేయించండి.

వీడియో తీయనివ్వకండి. ఒక నిమిషం గొంతు రికార్డింగు సుమారు 1 ఎంబీ ఉంటే, ఒక నిమిషం ఫుల్ హెచ్‌డీ వీడియో 100 ఎంబీ దాటుతుంది. చిన్న మెమరీ ఉన్న ట్యాబులు రెండు వారాల్లో నిండిపోతాయి.

పరిసరాల విజ్ఞానంలో తడిబట్టలో పెసలు మొలకెత్తించి రోజూ ఒక ఫొటో తీయించండి. పక్కన స్కేలు ఉంచాలి. ట్యాబు పెట్టే చోటు సుద్దతో గీసి పెట్టకపోతే ఒకరోజు దగ్గరగా, ఒకరోజు దూరంగా వచ్చి పోల్చడానికి పనికిరాదు.

దీక్ష పాఠాలు కావాలంటే ముందురోజే మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో డౌన్‌లోడ్ చేసి ఉంచండి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ చిరిగిపోయినా, నలిగిపోయినా దాని కింద ఉన్న 6 అక్షరాల కోడ్ టైపు చేస్తే అదే పాఠం వస్తుంది. మూడు నాలుగు నిమిషాలకు మించి ఒకేసారి చూపించకండి. ఆపి, తర్వాత ఏమవుతుందో అడగండి. అక్షరాలు దిద్దించడానికి మాత్రం ట్యాబు వద్దు. నున్నటి అద్దం మీద వేలితో గీస్తే పెన్సిల్ పట్టు రాదు.

చార్జింగు, భద్రం

8 ట్యాబులూ కలిపి 10 వాట్ల చార్జర్లతో సుమారు 80 వాట్లే తీసుకుంటాయి. లోడు సమస్య కాదు, వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకడమే (సర్జ్) సమస్య. సర్జ్ రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనండి. టీచరు ఎదురుగా ఉన్నప్పుడే చార్జింగు పెట్టాలి, రాత్రంతా వదిలి వెళ్లకూడదు. సుద్దపొడి చార్జింగు రంధ్రంలో చేరితే కేబుల్ సరిగా దిగదు. ట్యాబు ఆపేసి, పొడి మెత్తని బ్రష్‌తో తుడవండి, పిన్నుతో గీకకండి.

ప్రతి శుక్రవారం నోటుబుక్కులో రాసుకున్నాక పాత రికార్డింగులు తీసేయండి. ఒక్కో బిడ్డవి నెలకు రెండు ఉంచుకుంటే చాలు.

వేసవి సెలవులకు ముందు సగం చార్జింగు ఉంచి ఆపేయండి. పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే బ్యాటరీ జూన్‌లో లేవకపోవచ్చు. రేకుల గదిలో ఎండ తగిలే బీరువా వద్దు. నెలకోసారి ఎవరైనా వచ్చి చూడగలిగితే మంచిది. తెరిచినప్పుడు ఏ ట్యాబు అద్దమైనా అంచు దగ్గర పైకి లేచి కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని చార్జింగు పెట్టకండి, నొక్కకండి, పిల్లలకు అందని చోట విడిగా ఉంచి సర్వీసుకు అప్పగించండి.