చేతిలో పని, నోట వాక్యం: సీమ పల్లెలకు సంఘ స్థాపకులను సిద్ధం చేసే విధానం

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పల్లెల్లో కొత్త క్రైస్తవ సంఘాన్ని నెలకొల్పడానికి వెళ్లిన యువ సేవకుడు (పాస్టరు) మూడు నాలుగేళ్లకే ఊరు విడిచి వచ్చేశాడంటే, వాక్యజ్ఞానం చాలకపోవడం అందుకు కారణమైన సందర్భాలు నేను చూసినంతలో తక్కువ. ఇంటి అద్దె, పిల్లల చదువు ఖర్చు, బయటి నుంచి వస్తున్న నెలసరి సాయం ఉన్నట్టుండి ఆగిపోవడం వంటివే ఎక్కువ మందిని వెనక్కు రప్పించాయి. కాబట్టి బైబిలు పాఠశాల తరగతులన్నీ ముగిశాక చివరలో ఏదో ఒక వృత్తిని తగిలించడం సరిపోదు. వాక్యం, వృత్తి, ఊరి జీవితం మూడింటినీ ఒకే పెద్ద సేవకుని వెంట, ఒకే చోట, కనీసం ఒక పూర్తి వ్యవసాయ సంవత్సరం పాటు నేర్పాలి.

ఎవరిని, ఎవరి దగ్గర పెట్టాలి

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ణి అధ్యక్షునిగా, అంటే సంఘాన్ని నడిపే పెద్దగా, నియమించవద్దనీ, బయటివారి దగ్గర కూడా మంచి సాక్ష్యం ఉండాలనీ తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం చెబుతుంది. ఈ రెండో షరతును మనం తరచుగా వదిలేస్తాం. అభ్యర్థి సొంత ఊరికి వెళ్లి, అంగడివాణ్ణి, పక్కింటివారిని, అతను ఎవరి దగ్గర కూలి చేశాడో వారిని అడగండి. అప్పులుంటే ఎవరికి, ఎంత అనేది కాగితం మీద రాయించండి. వివాహితుడైతే భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకున్నదో లేదో ఆమెను విడిగా అడిగి తెలుసుకోండి. ప్రార్థన కూడికలకు ముందుగా వచ్చేది ఆడవారే కనుక, రేపు పాస్టరమ్మగా ఆ ఇంటి తలుపు తీసేది ఆమే కనుక, శిక్షణ ఇద్దరికీ ఇవ్వాలి.

నేర్పే పెద్ద సేవకునికి కూడా అర్హతలుండాలి. తన చేతులతో ఎన్నడూ సంపాదించని వ్యక్తి సంపాదిస్తూ సేవ చేయడం ఎలాగో నేర్పలేడు. ఒకరి దగ్గర ఇద్దరు ముగ్గురికి మించి శిష్యులు ఉండకూడదు. యేసు పన్నెండుగురిని ఏర్పరచుకున్న సందర్భంలో మార్కు సువార్త మొదట చెప్పేది వారు ఆయనతో ఉండాలన్న సంగతినే. ప్రకటించడానికి పంపడం ఆ తర్వాతి మాట. పదిమందిని చేర్చుకుంటే అది మళ్లీ తరగతి గదే అవుతుంది.

ఏరువాకతో మొదలుపెట్టండి

శిక్షణను జూన్‌లో, తొలకరికి ఊరంతా పొలాల్లో ఉండే రోజుల్లో మొదలుపెట్టడం మంచిది. సాయంత్రం ఎనిమిదింటికి ముందు కూడిక పెడితే ఎవరూ రారన్న సంగతి శిష్యునికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. అనంతపురంలో వేరుశనగ వాన మీద ఆధారపడిన పంట; వాన ముఖం చాటేసిన ఏడాది కానుకల పెట్టె ఎలా ఉంటుందో అతను కళ్లారా చూడాలి.

మొదటి నెలలో ప్రసంగం చేయనివ్వవద్దు. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, ఏ ఊరిలో ఏ సంఘం ఉందో, ఎప్పటి నుంచి ఉందో రాసుకురమ్మనండి. ఇది ఖాళీ నేల కాదు. లండన్ మిషనరీ సొసైటీ 1822లోనే కడపలో కేంద్రం పెట్టింది. నంద్యాల ప్రాంతం ఆంగ్లికన్ మిషనుది; 1947లో పలు ప్రొటెస్టంటు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు అది వెలుపలే ఉండి, 1975లో చేరింది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. కతోలికులకు కర్నూలులో 1967లో, కడపలో 1976లో మేత్రాసనాలు (బిషప్పు పాలనలోని ప్రాంతాలు) ఏర్పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాల సంగతి చెప్పనక్కరలేదు. ఒకే పేటలో మూడు మందిరాలుండి, నాలుగు మైళ్ల అవతలి ఊరిలో ఒక్క కుటుంబం కూడా లేని పరిస్థితి సర్వసాధారణం. ఇంకొకరు వేసిన పునాది మీద కట్టకూడదన్నది అపొస్తలుడైన పౌలు పట్టుదల. పక్క సంఘపు విశ్వాసులను నాలుగిళ్లు లాక్కొచ్చి దాన్ని స్థాపన అనుకునే అలవాటును ఈ దశలోనే మాన్పించాలి.

ఇక సుగ్గి, అంటే కోత కూలికి వలసపోవడం. కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ వైపు పల్లెల నుంచి పంట పనులు తగ్గగానే కుటుంబాలకు కుటుంబాలు మిరపకోతకూ పత్తి తీతకూ గుంటూరు వైపు, తెలంగాణ వైపు తరలిపోతాయి. చాలామంది ఉగాదికి గానీ తిరిగిరారు. క్రిస్మస్ నాటికి మందిరంలో ముసలివాళ్లూ పిల్లలూ మిగులుతారు. శిష్యుణ్ణి కొన్ని వారాలు ఆ కుటుంబాలతో పాటు పంపండి. పొలం గట్టున వేసుకున్న పట్టాల గుడిసెల దగ్గర, పగలంతా కోసి అలసినవారితో పది నిమిషాల ప్రార్థన జరపడం వచ్చినవాడికి మందిరంలో గంట ప్రసంగం కష్టమేమీ కాదు. అతను కూడా కోతకు దిగాలి. ఊరికే కూర్చుని ప్రార్థన మాత్రమే చేస్తే కూలీలు మర్యాదగానే చూస్తారు గానీ మనసు విప్పరు.

వృత్తి ఎంపిక

పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టాడు. అపొస్తలుల కార్యముల పద్దెనిమిదో అధ్యాయం ప్రకారం సీల, తిమోతి మాసిదోనియ నుంచి వచ్చాక వాక్యబోధలోనే నిమగ్నుడయ్యాడు; ఫిలిప్పీ సంఘం పంపిన సాయాన్ని కాదనలేదు కూడా. కాబట్టి చేతిపనిని జీతం తీసుకునే పాస్టర్ల మీద విసిరే రాయిగా వాడకూడదు. సంఘం తన సేవకుణ్ణి పోషించగల స్థితికి వచ్చేదాకా ఊరిలో నిలబెట్టేది వృత్తి. అంతవరకే దాని గొప్ప.

ఏ వృత్తి అన్నది ఊరిని బట్టి తేలాలి. చీనీ (బత్తాయి) తోటలున్న అనంతపురం పల్లెల్లో డ్రిప్ పైపుల మరమ్మతు, బోరు మోటారు వైండింగ్ తెలిసినవాడికి పని వెతుక్కుంటూ వస్తుంది. పైగా ఆ పని అతణ్ణి అన్ని కులాల వారి పొలాలకూ తీసుకెళ్తుంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండలు పరిచే తాపీపని ఉంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లున్నాయి. ధర్మవరం మగ్గం చక్కని విద్యే అయినా, పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఇళ్లలో పుట్టినవారికి తప్ప నేను సూచించను. గొర్రెల పెంపకం మేపేవారు ఇంట్లో మరొకరుంటేనే సాగుతుంది.

కిరాణా అంగడి మాత్రం వద్దు. పల్లెలో అంగడి ఉద్దర (అరువు) మీద నడుస్తుంది. ఆదివారం ఎదురుగా కూర్చున్న విశ్వాసుల్లో సగం మంది తనకు బాకీ ఉన్నప్పుడు సేవకుడు దేని గురించి మాట్లాడినా అది వసూలుగానే వినిపిస్తుంది. బాకీ తీర్చలేనివారు మెల్లగా కూడికకు రావడం మానేస్తారు. వడ్డీకి ఇవ్వడం, చీటీలు నడపడం, గొలుసుకట్టు వ్యాపారాల్లో సభ్యులను చేర్పించడం కూడా ఇదే కారణంతో పూర్తిగా నిషేధించాలి.

బ్యాంకుల ఆధ్వర్యంలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో వసతితో సహా ఉచితంగా నేర్పుతారు. పెట్టుబడికి ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు రుణం దొరుకుతుంది. దర్జీ, తాపీ మేస్త్రి, వడ్రంగి వంటి 18 వృత్తులకు 2023లో మొదలైన విశ్వకర్మ పథకంలో పనిముట్ల కోసం 15,000 రూపాయలు ఇస్తారు. సంఘం డబ్బుతో కుట్టు మిషను కొనిపెట్టడం కంటే ఇదే మేలు, ఎందుకంటే రేపు మనస్పర్థ వస్తే మిషను ఎవరిదన్న తగాదా ఉండదు.

లెక్క

వ్యాపార నైపుణ్యం అంటే ముందు లెక్క. శిష్యుని చేత రెండు చిట్టాలు పెట్టించండి, ఒకటి పనిది, ఒకటి సంఘానిది. రెండు సంచులు, రెండు బ్యాంకు ఖాతాలు. పాస్టరమ్మ కుట్టుపని చేస్తున్నదనుకుందాం. జాకెట్టుకు కూలి 150 రూపాయలు, దారం, హుక్కులు, కరెంటు 20 పోతే 130 మిగిలింది. రోజుకు మూడు కుడితే 390. గది అద్దె 1,500ను నెలలో పనిచేసే 25 రోజులకు పంచితే రోజుకు 60, మిషను మరమ్మతుకు 10 తీసేస్తే చేతికి 320. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే అద్దె గది తీసుకున్నందుకు కూలికీ కుట్టుపనికీ తేడా 20 రూపాయలే. ఇంటి వసారాలోనే మిషను వేస్తే ఏమవుతుందో, రోజుకు నాలుగు కుడితే ఏమవుతుందో శిష్యులే లెక్కగట్టాలి. మరణం, ఆసుపత్రి, ఉపవాస ప్రార్థన అంటూ నెలకు ఎన్ని పనిదినాలు పోతాయో కూడా ఆ లెక్కలో రావాలి. ధర అందరికీ ఒకటే ఉండాలి. విశ్వాసులకు తగ్గించడం, తగ్గింపు ఆశ చూపి కూడికకు పిలవడం, రెండూ తప్పే.

సంఘం కానుకలను ప్రతి ఆదివారం ఇద్దరు పెద్దలు, వారిలో ఒకరు స్త్రీ, అందరి ముందు లెక్కించి సంతకం చేయాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా సంఘం పేరిట బయటిదేశపు డబ్బు తీసుకోవడం నేరం. 2020 సవరణ తర్వాత, నమోదైన సంస్థ కూడా తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొకరికి బదిలీ చేయరాదు. నెలసరి సాయం చాలామందికి ఆగిపోయింది ఇందువల్లనే.

చట్టం, శ్మశానం, కులపత్రం

ఈ మూడింటినీ శిష్యులు ప్రసంగ పాఠాలంత శ్రద్ధగా నేర్చుకోవాలి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం ఉన్నవారే పెళ్లి జరిపించాలి. లైసెన్సు లేని శిష్యుడు ప్రార్థన చేయవచ్చు గానీ పెళ్లి చేయకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు. సంఘంలో మొదటి మరణం సంభవించక ముందే సమాధుల స్థలం ఎక్కడో ఊరి పెద్దలతోనూ రెవెన్యూ వారితోనూ మాట్లాడి తేల్చుకోవాలి. శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఈ మాట మొదలుపెడితే తగవు తప్పదు.

బాప్తిస్మం కోరే షెడ్యూల్డు కులాల వారికి దాని పర్యవసానాన్ని దాచకుండా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవులైనవారు మన రాష్ట్రంలో బి.సి.-సి కిందికి వస్తారు. ఈ నిబంధన న్యాయమైనదా అన్న చర్చ వేరు. దాన్ని చెప్పకుండా బాప్తిస్మమిచ్చి, తర్వాత ఆ కుటుంబం సర్టిఫికెట్ దగ్గర చిక్కుకుంటే సేవకుని మాటకు ఆ పేటలో విలువ ఉండదు.

చేయి వదలడం

ఉగాది తర్వాత శిష్యుణ్ణి తాను సంఘం స్థాపించబోయే ఊరికి పంపవచ్చు. మొదటి మూడు నెలలు పెద్ద సేవకుడు వారానికొకసారి వెళ్లాలి, కానీ ఆదివారం కాదు; ఆదివారం వెళ్తే జనం పెద్దాయన ప్రసంగమే అడుగుతారు. పనిదినాన వెళ్లి, శిష్యుడు పనిచేసే చోట కూర్చుని, రెండు చిట్టాలూ చూసి, దంపతులిద్దరితో కలిసి భోంచేసి రావాలి. అడగవలసిన ప్రశ్నలు కొన్నే: ఎవరి ఇంటికి వెళ్లావు, ఎవరితో మాట పట్టింపు వచ్చింది, ఎంత సంపాదించావు, ఎంత బాకీ పడ్డావు, నీ భార్య ఏమంటున్నది. తర్వాత నెలకొకసారి, రెండో ఏడాది రెండు మూడు నెలలకొకసారి చాలు. ఈలోగా మందిరం కట్టనివ్వకండి. ఇంటి వసారా, వేపచెట్టు నీడ సరిపోతాయి. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు, అక్కడ కట్టడం గురించిన ప్రస్తావనే లేదు. మూడో ఏడాది జూన్ నాటికి ఆ ఊరి సంఘంలో నుంచే ఒకరిని తన పనిలోకీ సేవలోకీ శిష్యునిగా చేర్చుకోమని చెప్పండి. ఆ ఎంపికలో పెద్ద సేవకుడు సలహా ఇవ్వవచ్చు గానీ, పేరు మాత్రం తాను సూచించకూడదు.