పాత లీవర్ రైఫిల్‌కి విలువ కట్టడం – 3వ పాఠం: పాత వన్నెనా, కొత్త పూతా?

రెండో పాఠంలో నంబరు చదవడం నేర్చుకున్నాం. రిసీవర్ (తూటాని లోపలికి ఎక్కించి పేల్చే భాగాలు ఉండే మధ్య ఇనుప పెట్టె) అడుగున, ముందు వైపు ఉన్న అంకెలు రాసుకుని వించెస్టర్ 1894 అనే అమెరికన్ లీవర్ రైఫిల్ ఏ కాలంలో తయారైందో పట్టుకున్నాం. ఈసారి నంబరు పక్కన పెట్టి ఇనుము రంగు చూద్దాం. విలువలో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే.

రంగులోకి వెళ్ళేముందు జాగ్రత్తలు. తుపాకి చూడటానికి వెళ్తే లైసెన్స్ ఉన్నవారు దగ్గరుండాలి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవర్‌ని పూర్తిగా కిందికి దించి, లోపల తూటా లేదని కళ్ళారా చూడాలి. బ్యారెల్ కింద ఉండే మ్యాగజైన్ గొట్టం కూడా చూడాలి, అందులో పాత తూటా ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు. తాతగారి తుపాకి మనవడికి వచ్చినంత మాత్రాన లైసెన్స్ దానంతట అది రాదు. 2019 చట్ట సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాగితాలు సరిగా లేనిదానికి నేను విలువ కట్టను, మీరూ కట్టకండి.

తుపాకి మీద కనిపించే నీలం రంగు పెయింట్ కాదు. ఇనుము పైపొరనే మార్చి తెప్పించిన వన్నె అది. వించెస్టర్ వాళ్ళు మొదట్లో రిసీవర్‌కి కొలిమి వేడితో ఆ వన్నె తెప్పించేవారు. 1930ల చివరికి వచ్చేసరికి వేడి రసాయనాల తొట్టిలో ముంచే పద్ధతి వచ్చింది. కాబట్టి 1910లో తయారైన రైఫిల్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే నల్లరంగులో, నిన్న షాపులోంచి తెచ్చినట్టు ఉంటే సంతోషపడకండి. అనుమానపడండి.

ఎందుకంటే వన్నె వాడకాన్ని బట్టి పోతుంది. లీవర్ రైఫిల్‌ని ఒంటిచేత్తో రిసీవర్ దగ్గర పట్టుకుని నడుస్తారు. ఆ చెమటకి రిసీవర్ అడుగు ముందు తెల్లబడి, తర్వాత గోధుమరంగుకి తిరుగుతుంది. బ్యారెల్ మూతి, లీవర్ వంపు, మ్యాగజైన్ గొట్టం అడుగు కూడా అరుగుతాయి. చెయ్యి తగలని మూలల్లో పాత నీలం మిగిలే ఉంటుంది. అరగాల్సిన చోట అరిగి, దాగాల్సిన చోట దాగితే ఆ వన్నెని నమ్మవచ్చు.

గుంటూరు అరండల్‌పేటలో ఒక ఇంట్లో నేను చూసిన 1894 కార్బైన్ (పొట్టి బ్యారెల్ రైఫిల్) గురించి చెప్తాను. ఆ ఇంటి పెద్దావిడ మొహమాటపడుతూ, "రంగంతా పోయింది బాబూ, పాలిష్ పెట్టించి చూపిద్దామనుకున్నాం" అన్నారు. "పెట్టించకపోవడమే మంచిదైందమ్మా" అని వరండాలో పొద్దుటి వెలుతురులోకి తెప్పించాను. ట్యూబ్‌లైట్ కింద రంగు చూడకూడదు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రిసీవర్ సగానికి పైగా గోధుమరంగులో ఉంది. పక్కన తూటాలు ఎక్కించే చిన్న తలుపు మాత్రం అంచుల్లో పాలపిట్ట రెక్కలా మెరిసింది. ఆ కాలపు వించెస్టర్లలో ఆ తలుపుకి వేరే నీలం, మిగతా ఇనుముకంటే కాంతివంతమైన నీలం ఉండేది. మళ్ళీ పూత పెట్టిన వాటిలో అదీ రిసీవరూ ఒకే నలుపులో కలిసిపోయి కనిపిస్తాయి. ఆ ఒక్క తలుపు చూసి నా మనసు కుదుటపడింది.

తర్వాత భూతద్దం తీశాను. రిసీవర్ వెనుక, పైన ఉండే ఇనుప పట్టీ మీద 1894 ఆగస్టు 21 అని పేటెంట్ తేదీ ఉంది. అక్షరాల అంచులు గోటికి కరుకుగా తగిలాయి. పాలిష్ చక్రం మీద పెట్టిన ఇనుముకైతే అక్షరాలు ఒక చివర లోతుగా, మరో చివర మాసిపోయి ఉంటాయి. స్క్రూల చుట్టూ ఇనుము చదునుగా ఉండాలి. చక్రం తగిలితే రంధ్రం చుట్టూ చిన్న సాసరులా పల్లం పడుతుంది, ఆ పల్లాన్ని ఏ పూతా దాచలేదు. రిసీవర్ మూలలు కూడా సబ్బుబిళ్ళలా గుండ్రబడతాయి.

ఈ సంగతులు నాకు నష్టపోయాకే తెలిశాయి. మా మామయ్యగారి రైఫిల్ తుప్పు తీయమని ఇస్తే, రిపేరు చేసినతను ఎమిరీ కాగితంతో రుద్ది, కొత్తగా నల్లపూత వేసి ఇచ్చాడు. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. తర్వాత ఒక సేకరణకారుడు దాన్ని చేతిలోకి తీసుకుని, స్క్రూల దగ్గర వేలు పెట్టి, మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశాడు.

ఆయన మౌనానికి కారణం కొలమానంలోనే ఉంది. అమెరికాలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పాత తుపాకులకి పెట్టిన శ్రేణుల్లో, అసలు వన్నె 30 శాతానికి మించి మిగిలితే 'ఫైన్'. 30 శాతం లోపు ఉన్నా, అసలేమీ మిగలకపోయినా భాగాలన్నీ అసలువైతే 'వెరీ గుడ్'. మళ్ళీ పూత పెట్టినది ఒక మెట్టు దిగి 'గుడ్'లోకి పోతుంది. అంటే వన్నె మొత్తం పోయిన రైఫిల్ కూడా కొత్త పూతతో మెరిసేదాని కంటే పైనే.

చెక్క సంగతి త్వరగా చెప్తాను. అసలు చెక్క ఇనుముకంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. ఇనుము ఎత్తుగా, చెక్క పల్లంగా ఉంటే గరుకు కాగితం పని జరిగినట్టే.

తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి. మన కృష్ణా తీరపు గాలికి తోలు తేమ పీలుస్తుంది, అది తగిలిన చోటల్లా మచ్చల తుప్పు వస్తుంది. పలుచగా కుట్టుమిషన్ నూనె రాసి, గాలి తగిలేలా, తాళం వేసి ఉంచితే చాలు. ఇప్పటికే పట్టిన తుప్పుని అలాగే వదిలేసి, పెరగకుండా మాత్రం చూసుకోండి.

ఇంటిపని. రైఫిల్ దొరకనివాళ్ళు ఇంట్లో పాత కుట్టుమిషన్ ముందు కూర్చోండి. మరమ్మతుకి విప్పిన స్క్రూ ఏది, ఎన్నడూ విప్పనిది ఏది? విప్పిన స్క్రూ గాడి అంచులు చెదిరి ఉంటాయి. చెయ్యి ఎక్కడ తగిలి రంగు పోయింది, తగలని చోట ఎంత మిగిలింది? నోట్‌బుక్‌లో బొమ్మ గీసి, పోయిన చోట్లని పెన్సిల్‌తో నింపండి. అలాంటివి పది బొమ్మలు గీశాక నాలుగో పాఠానికి రండి, అందులో బ్యారెల్ లోపలి గాడులు చూద్దాం.