జామాయిల్ తోటలో కార్బన్ ఎంతుందో లెక్కకట్టడం ఎలా?

జామాయిల్ కొట్టిన రోజు వేబ్రిడ్జి చూపించే టన్నులు పట్టుకుని కార్బన్ లెక్క వేయకండి. అది పచ్చి కర్ర బరువు, అందులో సగానికి అటూ ఇటూగా నీళ్లే. మనకు కావాల్సింది ఎండు బరువు. చెట్టు కొట్టకుండా, ఒక్క టేపుతో దాన్ని అంచనా వేయొచ్చు.

తోటంతా కొలవక్కర్లేదు. 20 మీటర్ల చదరం ఒకటి గుర్తు పెట్టండి, ఎకరంలో అది దాదాపు పదో వంతు. గట్టు వెంబడి మాత్రం వద్దు. అక్కడ ఎండ బాగా తగిలి చెట్లు లావెక్కుతాయి, లెక్క పెరిగిపోతుంది. పెద్ద తోటయితే నాలుగైదు చదరాలు కావాలి. ఎక్కడెక్కడన్నది చీటీలు వేసి తేల్చుకోండి, లేకపోతే కాళ్లు బాగున్న చెట్ల వైపే పోతాయి!

చదరంలో ప్రతి చెట్టుకూ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, చుట్టుకొలత తీసుకోండి. మోడు నుంచి పిలకలు వచ్చి ఉంటే ఒక్కోదాన్నీ విడిగా కొలవాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: చుట్టుకొలతల సగటు తీసి ఒకేసారి లెక్క వేసేస్తారు. ఒక చెట్టు 20 సెంటీమీటర్లు, ఇంకోటి 60 అనుకోండి. సగటు 40. కానీ కర్ర చుట్టుకొలత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40 వర్గం 1600, ఆ రెండింటి వర్గాల సగటు 2000. ఎత్తు ఒకటే అనుకున్నా అయిదో వంతు కర్ర కాగితం మీదే మాయం. అందుకే చెట్టు చెట్టుకూ లెక్క.

ఎత్తుకు మీ చెయ్యంత పొడవున్న కర్రను చెయ్యి చాచి నిలువుగా పట్టుకోండి. కర్ర అడుగు చెట్టు మొదలుకీ, కొస చివరికీ సరిపోయేదాకా వెనక్కి జరగండి. అక్కడి నుంచి చెట్టు ఎంత దూరమో, ఎత్తూ సుమారు అంతే.

ఇక లెక్క. చుట్టుకొలత 40 సెంటీమీటర్లు, ఎత్తు 15 మీటర్లు అనుకుందాం. 40ని 3.14తో భాగిస్తే వ్యాసం 12.7 సెంటీమీటర్లు, కోత వైశాల్యం 0.0127 చదరపు మీటర్లు. దాన్ని ఎత్తుతో, కాండం పైకి సన్నబడుతుంది కాబట్టి 0.45తో గుణిస్తే 0.086 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 550 కిలోల ఎండు కర్ర చొప్పున 47 కిలోలు. కొమ్మలు, ఆకులకు 20 శాతం, ఆపైన వేళ్లకు 25 శాతం కలిపితే సుమారు 71 కిలోలు. ఎండు బరువులో కార్బన్ వాటాగా ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల్లో ఇచ్చిన 0.47తో గుణిస్తే కార్బన్ 33 కిలోలు. కార్బన్ డయాక్సైడ్‌గా చెప్పాలంటే ఆ రెండింటి అణు బరువుల నిష్పత్తి 44/12తో గుణించండి, దాదాపు 122 కిలోలు.

0.45, 550, ఆ శాతాలు క్లోన్‌ను (నాటిన మొక్క రకాన్ని), వయసును బట్టి మారతాయి. మీ ప్రాంతపు జామాయిల్‌కు తయారుచేసిన సూత్రం దొరికితే అదే వాడండి.

చదరంలోని చెట్లన్నీ కూడి పదితో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది. వచ్చేముందు, కొలిచిన చోట ప్రతి చెట్టుకూ పెయింటుతో గీత, నంబరు వేయండి. వచ్చే ఏడాది టేపు అదే గీత మీద పడితేనే ఆ ఏడాది ఎంత పెరిగిందో తెలుస్తుంది.