పార్కిన్సన్స్ ఉన్న తల్లిదండ్రులకు కొత్త ఇబ్బంది వస్తే: ముందు మాత్ర వేసిన వేళ చూడండి

పార్కిన్సన్స్ ఉన్న పెద్దవారిలో కొత్త లక్షణం కనిపించగానే జబ్బు ముదిరిందని ఇంట్లో అందరూ నిర్ణయించేస్తారు. అది నిజమే కావచ్చు గానీ, కారణం మాత్ర వేసిన వేళలోనో, మోతాదులోనో, మరొక డాక్టరు రాసిన వేరే మందులోనో ఉండే సందర్భాలు తక్కువేమీ కాదు. అందుకని మాత్ర, భోజనం, బిగుసుకుపోవడం, వణుకు, కళ్లు తిరగడం ఏ వేళకు జరిగాయో ఒక నోటుపుస్తకంలో వారం రోజులపాటు రాసి ఉంచండి.

సమస్య: మాత్ర వేసి గంట దాటినా కదలలేకపోతున్నారు

సిండోపా వంటి పార్కిన్సన్స్ మాత్రల్లో ఉండే లెవోడోపా అనే మందు అమైనో ఆమ్లాల కుటుంబానికి చెందినది కాబట్టి, ఆహారంలోని ప్రొటీన్ జీర్ణమైనప్పుడు వెలువడే అమైనో ఆమ్లాలు పేగులోనూ, మెదడులోకి ప్రవేశించే చోటా దానితో పోటీ పడతాయి. పెసరట్టుతోనో గ్లాసుడు పాలతోనో కలిపి వేసిన మాత్ర ఆలస్యంగా పనిచేయడానికి ఇదే కారణం. మాత్రను భోజనానికి అరగంట ముందు గానీ, తిన్న గంట, గంటన్నర తరువాత గానీ ఇవ్వాలి. ఖాళీ కడుపున వికారం వస్తే ఒక అరటిపండు ఇవ్వవచ్చు. అంతేగాని పప్పు, గుడ్డు, పెరుగు పూర్తిగా మాన్పించకండి. అసలే బరువు తగ్గే జబ్బు ఇది. ఐరన్ మాత్ర ఉంటే దానికీ దీనికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. మలబద్ధకం ఉంటే దాన్ని కూడా సరిచేయాలి. పేరు చివర సి.ఆర్. అని ఉన్న మాత్రను నూరి ఇస్తే మందు ఒక్కసారిగా విడుదలవుతుంది కనుక అలా చేయకూడదు.

సమస్య: ఒళ్లు మెలికలు తిరుగుతోంది

దీన్ని చాలామంది వణుకు అనుకుని ఇంకో మాత్ర ఇస్తారు, దాంతో పరిస్థితి విషమిస్తుంది. మాత్ర వేసిన గంటా రెండు గంటల్లో మెలికలు వస్తుంటే మందు మోతాదు ఎక్కువైందని అనుమానించాలి. తరువాతి మాత్రకు కాస్త ముందు బిగుసుకుపోతుంటే మునుపటి మాత్ర ప్రభావం అయిపోతోందని అర్థం. ఫోనులో వీడియో తీసి, వేళ రాసి న్యూరాలజిస్టుకు చూపిస్తే మోతాదు మార్చాలో, మాత్రల మధ్య వ్యవధి మార్చాలో ఆయన తేల్చగలరు. దూలగొండి గింజల పొడి వాడుతుంటే దాచకుండా చెప్పండి. అందులోనూ సహజంగా లెవోడోపా ఉంటుంది.

సమస్య: లేచి నిలబడగానే తూలిపోతున్నారు

జబ్బు, మందు రెండూ రక్తపోటును పడేస్తాయి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బి.పి. చూసి, నిలబడ్డాక ఒకటో నిమిషంలోనూ, మూడో నిమిషంలోనూ మళ్లీ చూడండి. పడుకున్నప్పటికంటే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఎప్పటినుంచో వాడుతున్న బి.పి. మాత్ర, ప్రొస్టేటు మాత్ర ఇంకా అవసరమా అని డాక్టరును అడగాలి. మంచం అంచున కొంతసేపు కూర్చోబెట్టాకే లేపండి.

సమస్య: లేని మనుషులు కనిపిస్తున్నారంటున్నారు

ఒకటి రెండు రోజుల్లోనే మొదలైతే ముందు మూత్ర పరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం ఇలాంటి అయోమయం తెస్తాయి. మెల్లగా వచ్చినదైతే పాసిటేన్, అమాంటడిన్, ప్రామిపెక్సోల్ వంటి పార్కిన్సన్స్ మందులపై అనుమానం పెట్టుకుని డాక్టరును సంప్రదించాలి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వాడేవారిలో కొందరికి జూదంపై అదుపులేని కోరిక కూడా పుడుతుంది. నాన్నగారు ఉన్నట్టుండి ఫోనులో రమ్మీకి డబ్బు పెడుతుంటే ఈ వయసులో ఇదేం బుద్ధి అని నిందించే ముందు మందుల చీటీ తీసి చూడండి.

సమస్య: వాంతికో, తలతిరుగుడుకో మందు వేశాక బిగుతు పెరిగింది

మెటోక్లోప్రమైడ్ (పెరినార్మ్), ప్రోక్లోర్‌పెరజీన్ (స్టెమెటిల్), సినరిజిన్ మెదడులో కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనానికి అడ్డుపడతాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా పార్కిన్సన్స్ ఉందని మొదటి మాటగా చెప్పాలి.

గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతే చెయ్యి పట్టి లాగకండి. అడుగు వేయడానికి నేలపై అడ్డంగా రంగు టేపు గీతలు అంటించినా, ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టించినా కదలిక వస్తుంది.

ఏ కారణం తోచినా మాత్రను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. అలా ఆపితే తీవ్రమైన జ్వరం, బిగుతు, స్పృహ తప్పడం వంటి ప్రాణాపాయ స్థితి రావచ్చు. మరేదైనా కారణంతో ఆసుపత్రిలో చేర్పించవలసి వచ్చినా, ఆపరేషనుకు ముందు ఏమీ తినవద్దన్నా, ఈ మాత్ర ఏ వేళకు ఎలా ఇస్తారో చేర్చిన రోజే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.