ఛుట్టీల ఉన్నప్పుడే పాస్‌పోర్టు తేదీ చూసుకోండ్రి
సౌదీ, దుబాయ్ నుంచి ఛుట్టీ మీద జగిత్యాలకో కోరుట్లకో వచ్చినోళ్లు మొదటి వారంలనే పాస్‌పోర్టు తెరిచి గడువు చూసుకోండ్రి. ముగియడానికి ఏడాది ఉన్నా కొత్తదానికి అర్జీ పెట్టుకోవచ్చు. 6 నెలలకన్నా తక్కువుంటే చాలా దేశాలు లోపలికి రానియ్యవు. ఆన్‌లైన్ల ఫీజు కట్టి కరీంనగర్‌కో నిజామాబాద్‌కో స్లాట్ తీసుకుంటే సరి, ఏజెంటుకు వేలు పొయ్యాల్సిన పని లేదు.

పోలీసు విచారణ ఉంటే ఆ నాలుగు రోజులు ఊర్లనే ఉండుండ్రి. నేను అదే టైంకు వేములవాడ మొక్కు తీర్చనీకి పోయిన, కానిస్టేబుల్ వచ్చి తాళం చూసి పోయిండు. వారం పాయె.

అసలు ముచ్చట పాత పాస్‌పోర్టుది. మూల కత్తిరించి తిరిగి ఇస్తరు. చెల్లదు కదా అని బీరువా అడుగున పడేసి విమానమెక్కొద్దు. గడువున్న వీసా అండ్లనే అతికి ఉంటే అది ఇంకా పనికొస్తది. రెండూ కలిపి రబ్బరు బ్యాండ్ ఏసి చేతిసంచిలనే పెట్టుకోండ్రి, లగేజీల కాదు.

కొత్తది చేతికి రాంగనే మొదటి పేజీ ఫొటో కంపెనీ మందూబ్‌కు (సర్కారు కాగితాల పనులు చూసేటాయనకు) వాట్సాప్ చేయుండ్రి. సౌదీల అయితే ఇకామా (అక్కడ ఉండనీకి ఇచ్చే కార్డు) రికార్డుల పాత నంబరు మార్పించాలె, నఖల్ మాలూమాత్ అనేది దాన్నే.