భోపాల్ మ్యూజియాలకి పోతున్నరా, ముందు కప్పు చూడండి

మహారాష్ట్రల బల్లార్షా, చంద్రాపూర్, రాజూరా దిక్కు ఉండే మన తెలుగోళ్లకి మ్యూజియం అంటే చిన్నప్పుడు స్కూలోళ్లు తీస్కపోయిన నాగ్‌పూర్ అజబ్ బంగ్లానే, లైన్ల నిలబడి అద్దాల పెట్టెలు చూసుకుంట పోయి బయటికొచ్చి సంత్రాలు తినుడు. ఇప్పటి కాలం డిజైన్, ఆర్కిటెక్చర్ చూడాలంటే ముంబై, అహ్మదాబాద్ పోవాలేమో అనుకుంటరు. అంత దూరం ఎందుకు, మన స్టేషన్ల ఎక్కితే ఒక్క బండిల భోపాల్, సుమారు 600 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే బండ్లు చాలావరకు ఈ లైన్ మీదనే పోతయి. రాత్రి ఎక్కితే పొద్దున దిగొచ్చు. కొన్ని బండ్లు భోపాల్ జంక్షన్ల ఆగుతయి, కొన్ని రాణీ కమలాపతిల (పాత పేరు హబీబ్‌గంజ్, పెద్దోళ్లు ఇప్పటికీ అట్లనే అంటరు), టికెట్ తీసేటప్పుడే ఏది అని చూస్కోండి.

పోయిన డిసెంబర్ల నేను, మా బాపు, అవ్వ, మా ఆరేండ్ల పిల్ల పోయొచ్చినం. ఒక్క మాట ముందే చెప్తున్న, సోమవారం పోకండి. నేను చెప్పబోయే మూడు మ్యూజియాలూ సోమవారం బంద్. మేము సోమవారం పొద్దున్నే దిగినం, తప్పు నాదే, టికెట్లు తీసింది నేనే, ఆ రోజంతా బడా తాలాబ్ (భోపాల్ పెద్ద చెరువు) ఒడ్డున పోహా జిలేబీ తినుకుంట గడిపినం. అక్కడి పోహా మీద మన నాగ్‌పూర్ లెక్క తర్రీ (కారం రసం) పోయరు, అవ్వకి అది అస్సలు నచ్చలె.

ఇగ అసలు సంగతి. ఇసుంటి మ్యూజియంల లోపల పెట్టిన వస్తువులు ఎంత ముఖ్యమో బిల్డింగ్ అంత ముఖ్యం, కానీ బిల్డింగ్‌ని ఎట్ల చూడాలో మనకెవరు చెప్పరు. నాకు మా బాపుని చూస్తే తెలిసింది. ఆయన 30 ఏండ్లు అండర్‌గ్రౌండ్ బాయిల (గనిల) టింబర్‌మ్యాన్, అంటే కప్పు కూలకుండ కర్రలు నిలబెట్టేటోడు. ఏ బిల్డింగ్‌లకి పోయినా గోడ మీద ఏముందో చూడడు, ముందు తల పైకెత్తి కప్పు చూస్తడు, అది దేని మీద ఆగిందో చూస్తడు, తర్వాతే అడుగు లోపల పెడతడు. బాయిల కప్పుని కొట్టి, చప్పుడు విని లోపలికి పోయిన మనిషి, ఆ అలవాటు పోతదా. మీరు కూడా అంతే చెయ్యండి, గేటు దాటంగనే ఫోన్ తియ్యకండి, బోర్డులు చదవకండి, పది నిమిషాలు కప్పు చూడండి, వెలుతురు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి, వాన పడితే నీళ్లు ఎటు పోతయో చూడండి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊర్లల్ల పెరిగినోళ్లం, నీడ ఎక్కడ ఉందో మనకి ఒకరు చెప్పాల్నా.

నిజానికి పోయే ముందు ఇంటి దగ్గరనే ప్రాక్టీస్ చెయ్యొచ్చు. చంద్రాపూర్‌ల జట్‌పురా గేట్ కింద నుంచి వెయ్యిసార్లు బండి మీద పోయి ఉంటరు, ఒకసారి దిగి నిలబడి చూడండి, గోండు రాజుల గుర్తు ఏనుగు మీద సింహం రాతిల చెక్కి ఉంటది, గోడ ఎంత మందమో చూడండి, లోపల నిలబడితే చల్లగ ఎందుకుంటదో చూడండి. ఆ కన్ను పడితే భోపాల్‌ల సగం పని అయినట్టే.

భోపాల్‌ల మొదలు మానవ్ సంగ్రహాలయ పోండి, పూర్తి పేరు ఇందిరా గాంధీ రాష్ట్రీయ మానవ్ సంగ్రహాలయ, శ్యామలా హిల్స్ మీద. ఇది పొద్దున తెరుస్తరు, మిగిలిన రెండూ మధ్యాహ్నం నుంచి, అందుకే ఈ ఆర్డర్ (టైమింగ్స్ చలికాలానికి, ఎండాకాలానికి మారుతయి, వాళ్ల వెబ్‌సైట్ల ఒకసారి చూస్కోండి). దాదాపు 200 ఎకరాలు, ఆరుబయటనే దేశంల రకరకాల జాతుల ఇండ్లు కట్టి ఉంటయి, ఆయా జాతుల మనుషులే వచ్చి, వాళ్ల సామాను తెచ్చుకొని వాళ్ల పద్ధతిల కట్టినవి. కొండ ప్రాంతం ఇండ్లు, సముద్రం ఒడ్డు ఇండ్లు, ఎడారి ఇండ్లు వేరువేరు దిక్కులున్నయి. అన్నీ ఒక్క పూటల చూస్తం అనుకుంటే మోకాళ్లు పోతయి, రెండు మూడు గుంపులు ఎంచుకొని వాటినే నిమ్మళంగ చూడండి. ఈడ మ్యాప్ కన్నా మా అవ్వ ఎక్కువ పనికొచ్చింది, అలుకు చూసి ఇది కొత్తది ఇది పాతది అని చెప్పేసింది, చూరు ఎందుకంత కిందికి దించిన్రో (వాన గోడకి తగలకుండ) మా పిల్లకి ఆమెనే చెప్పింది. మట్టి ఇంట్ల పెరిగిన మనిషి మీ ఇంట్ల ఉంటే తప్పకుండ తీస్కపోండి. అక్కడనే బండల మీద ఆదిమానవుల బొమ్మలున్న రాతి గుహలు కూడా ఉన్నయి, వాటికి ఓపిక మిగుల్చుకోండి.

మధ్యాహ్నం పక్కనే ఉన్న మధ్యప్రదేశ్ ట్రైబల్ మ్యూజియం, జనజాతీయ సంగ్రహాలయ అని అడిగితే ఆటోవాళ్లకి తెలుస్తది. 2013ల తెరిచిన్రు, డిజైన్ కామత్ డిజైన్ స్టూడియోది, అందుల రేవతి కామత్ మట్టి కట్టడాలకి పేరున్న ఆర్కిటెక్ట్, 2020ల చనిపోయింది. మట్టికి పేరున్న మనిషి ఈడ మాత్రం ఉక్కు వాడింది, ఉక్కు ఫ్రేములు కప్పెయ్యకుండ కనపడేటట్టే ఉంచి, నేల ఎట్ల వాలిందో బిల్డింగ్ కూడా అట్లనే నడిచేటట్టు పెద్ద పెద్ద వరండాలతోని కట్టిన్రు. బాపు ఆ ఉక్కు జాయింట్ల కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాక చూసిండు, నేను లోపలికి రమ్మని పిలిస్తే "ఆగు బిడ్డా, బరువు ఎటు పోతుందో చూడనియ్యి" అన్నడు. లోపల ఆరు గ్యాలరీలు. గోండు, భిల్, బైగా, కోర్కూ, భారియా, కోల్, సహరియా, ఈ ఏడు జాతుల బతుకులు చూపిస్తరు, ఒక గ్యాలరీ ఛత్తీస్‌గఢ్‌ది. చేసింది కూడా ఆ జాతుల కళాకారులే. లోపల కొంచెం చీకటిగ ఉంటది, కండ్లు అలవాటు పడేదాక ఒక దగ్గర నిలబడండి, ఉరకకండి. పిల్లలుంటే ఆటల గ్యాలరీ ఉంది, రక్కు అని పేరు, అది చివరికి పెట్టుకోండి, ముందు చూపిస్తే ఇగ అక్కడి నుంచి కదలరు, మాకు గంట పోయింది.

ఆసిఫాబాద్, ఆదిలాబాద్, గడ్చిరోలి దిక్కు చుట్టాలున్నోళ్లకి ఈ మ్యూజియంల చాలా వస్తువులు తెల్సినవే అనిపిస్తయి, మనం పట్టించుకోకుండ పక్క నుంచి పోయినవే. కొంచెం సిగ్గు కూడా అయింది నాకు.

రెండో రోజు మొత్తం భారత్ భవన్ అనే కళల కేంద్రానికే ఇయ్యండి, నాకైతే ఇదే అన్నిట్ల గొప్పది. 1982 ఫిబ్రవరిల మొదలైంది, కట్టింది చార్లెస్ కొరియా, 1930ల మన సికింద్రాబాద్‌ల పుట్టినాయన. పోంగనే మోసపోతరు, ఎందుకంటే బిల్డింగ్ కనపడది. రోడ్డు మీద నుంచి చూస్తే గోడ, చెట్లు, మెట్లు, అంతే, ఇదేనా అనుకుంటరు. మీరు నిలబడ్డదే కప్పు. అక్కడి నుంచి మెట్లు దిగుకుంట పోతే ఒక్కొక్క వాకిలి తెరుచుకుంటది, దాని చుట్టూ గ్యాలరీలు, థియేటర్, లైబ్రరీ, మెల్లగ చెరువు దిక్కు దిగుతుంటది. మన బావుల మెట్లు, పాత ఇండ్ల నడిమి వాకిలి గుర్తొస్తయి. వెలుతురు పైనున్న కాంక్రీట్ గొట్టాల నుంచి, మిద్దె పిట్టగోడ పక్కన వదిలిన సందుల నుంచి లోపలికి పడతది. వాకిలి దిక్కు తలుపులు కూడా చూడండి, రెండు వరుసలు, లోపలిది వెలుతురికి గాలికి, బయటి పెద్ద కర్ర తలుపులు రాత్రి మూసేటందుకు. బాపు కప్పు కోసం పైకి చూసి "మనం ఇప్పటిదాక నడిచింది దీని మీదనేనా" అన్నడు, బాయి పని చేసిన మనిషికి ఆ లెక్క తొందరగనే దొరికింది.

అక్కడి బొమ్మల గ్యాలరీ పేరు రూపంకర్. చిత్రకారుడు జె. స్వామినాథన్ దాన్ని నడిపించిండు, ఊర్ల కళాకారుల బొమ్మలు, నగరం పెయింటర్ల బొమ్మలు ఒకే కప్పు కింద పెట్టిచ్చిండు. పాటన్‌గఢ్ అనే ఊరి నుంచి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే ప్రధాన్ గోండు పిలగాడిని తీస్కొచ్చింది కూడా ఆయన మనుషులే, ఇప్పుడు అందరు గోండు పెయింటింగ్ అని కొనుక్కునే ఆ చుక్కల గీతల పద్ధతి జన్‌గఢ్ చేతి మీదనే పేరు తెచ్చుకుంది. మన ఆదిలాబాద్ దిక్కు గోండులకి కింగ్రి (తీగల వాయిద్యం) వాయించుకుంట కథలు చెప్పే ప్రధాన్లు ఉంటరు కదా, అదే పేరు, అదే పని చేసే జాతి.

చలికాలం పోతే తెరవంగనే లోపలికి పోండి, పొద్దు తొందరగ పోతది, ఆ పై వెలుతురు లేకుంటే సగం మజా పోయినట్టే. విధాన్ భవన్ కూడా కొరియాదే, 1998ల ఆగా ఖాన్ అవార్డు వచ్చింది, అది అసెంబ్లీ కాబట్టి మేమైతే ఆటోల నుంచే చూసినం.

తిరుగు బండి రాత్రిది పెట్టుకోండి, భారత్ భవన్‌ల సాయంత్రం నాటకం ఉంటే టికెట్ అడగండి, లేకుంటే చెరువు దిక్కు మెట్ల మీద కూర్చోండి. ఆటో మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోండి, చీకటి పడ్డంక మాకు పైన ఒక్క ఆటో దొరకలె, బ్యాగులు మోసుకుంట కింద రోడ్డు దాక నడిచినం, అవ్వ స్టేషన్ వచ్చేదాక నన్ను తిట్టుకుంటనే ఉంది.